గాటు లేని పొట్ట

ముందు నా తెలివితక్కువతనం ఒప్పేసుకుంటే మిగిలింది చెప్పడం సులువు. కుడివైపు గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు కనిపించినప్పుడు, దాన్ని వేలితో లోపలికి నొక్కి, పోయింది కదా అని సంతోషించినవాణ్ణి నేను. నిలబడితే వచ్చేది. పడుకుని "పో" అంటే పోయేది. మా ఇంట్లో నా మాట వినేది అదొక్కటే కావడంతో దాని మీద నాకు కొంత అభిమానం కూడా ఏర్పడింది. కర్నూలులో జూనియర్ కాలేజీ పిల్లలకు తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. రోజూ సంధులు చెబుతూ, నా గజ్జ సంధిలో ఆగమం వచ్చిందని మాత్రం పోల్చుకోలేకపోయాను. కడుపులో మాట ఎలాగూ దాచుకోలేను. పేగు కూడా దాచుకోలేని దశకు వచ్చానని ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడతో సహా.

తరగతిలో దగ్గు వస్తే నా కుడిచెయ్యి ప్యాంటు జేబులోకి పోయేది, ఉబ్బును అదిమిపట్టడానికి. జేబులో చెయ్యి పెట్టుకుని పాఠం చెప్పడం నా స్టైలు అనుకున్నారు పిల్లలు. ఇద్దరు ముగ్గురు అనుకరించారు కూడా. ఏళ్ల తరబడి అలా ఒక జబ్బును ఫ్యాషనుగా చెలామణి చేశాను.

ఒక మధ్యాహ్నం అది పోనంది. మంచం మీద వెల్లకిలా పడుకుని బతిమాలాను, బెదిరించాను. రాయిలా బిగుసుకుంది. వాంతి మొదలయ్యాక మా ఆవిడ తలుపు తోసుకుని వచ్చింది. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోతే, డాక్టరు నన్ను తల కిందికీ కాళ్లు పైకీ వచ్చేలా పడుకోబెట్టి, మెల్లగా, నేను ఏనాడూ చూపించని ఓపికతో దాన్ని లోపలికి పంపాడు. ఆ తర్వాత నా మొహం చూసి అన్నాడు: "ఈసారి మీ అదృష్టం. ఇంకోసారి ఇరుక్కుంటే పేగుకు రక్తం ఆడదు. నల్లబడిపోతుంది. అప్పుడు పేగు కోసి అతికించాలి. అతుకు నిలిస్తే మనిషి నిలుస్తాడు. మీరు ఇంటికి పోవద్దు, ఇక్కడే చేరండి."

అట్లా నేను సర్జరీ వార్డులో పడ్డాను. అక్కడే ఆయన్ను చూశాను.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మొన్న మైదుకూరు నుంచి ఫోనొచ్చింది. ఆయన పోయాడు. నిద్రలో, తన మంచంలో, తన వయసు వల్ల పోయాడు. ఆపరేషన్ వల్ల కాదు. ఈ మాట గట్టిగా చెప్పకపోతే ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇక ఎవరూ ఆసుపత్రి మెట్లెక్కరు. ఎక్కించడానికి ఆయన కూడా లేడు.

ఆయన పేషెంటు కాదు, తోడు. పక్క మంచంలో అపెండిక్స్ ఆపరేషన్ అయిన బామ్మర్దికి తోడొచ్చాడు. ఆ ముందు వాళ్ల చిన్నాయనకు, అంతకు ముందు పక్కింటావిడకు. ఊళ్లో ఆయన్ను పెద్దన్న అనేవాళ్లు. ఆ వీధిలో ఎవరిని కొయ్యాలన్నా ఆయన్నే వెంట పంపేవాళ్లు. ఎకరాలు ఉన్న మనిషి, మైదుకూరులో ఎరువుల అంగడి కూడా ఉంది. అయినా అంగడి కొడుక్కి ఒప్పజెప్పి, భుజాన తువ్వాలు వేసుకుని, నీళ్ల క్యాను చేత పట్టుకుని, పెండ్లికి పోతున్నట్టు తెల్లచొక్కాతో బస్సెక్కేవాడు. కడప పక్కనే పెట్టుకుని కర్నూలు దాకా ఎందుకన్నా అని అడిగితే, "కడప నిండా సుట్టాలే సారూ. కత్తి పెట్టకముందే ఊరంతా మాట పెడ్తారు. ఈడైతే ఎవురికీ తెలీదు" అన్నాడు.

నేను మంచం మీద కూర్చోగానే వచ్చి కాళ్ల దగ్గర నిలబడ్డాడు.

"ఏమప్పా, నీదేం కత?"

"హెర్నియా."

"యా పక్క?"

"కుడి."

"కుడా? మేలు. ఎడమైతే..." అని ఆగాడు.

తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు, అంతే. కుడివైపు పుట్టిన నా జబ్బుకు మనసులో దండం పెట్టుకున్నాను.

తర్వాత చొక్కా పైకెత్తి, బొటనవేలి గోరుతో తన పొట్ట కింద కుడిపక్క ఏటవాలుగా ఒక గీత గీశాడు. "ఈడ కోస్తారు. లోపల దోమతెర మాదిరి ఒకటి పెడ్తారు, మల్ల పేగు బయటికి రాకుండా. పైన కుడ్తారు. అంతే. కోసేది డాక్టరప్పా, మానేది మనమే."

ఆయన పొట్ట ఒక పటం. కొత్త పేషెంటు రావడం, చొక్కా లేవడం, గోరు దిగడం. కుడిపక్క కింద బామ్మర్ది అపెండిక్స్. పక్కటెముకల కింద పక్కింటావిడ పిత్తాశయంలో రాళ్లు. "కడప బండలు ఇంట్లో పరుచుకుంటారు గానీ కడుపులో గూడా పరుచుకునిండె ఆయమ్మ" అనేవాడు. నడిమధ్య నిలువునా చిన్నాయన పేగు. మొలల ఆపరేషన్ వివరించాల్సి వచ్చినప్పుడు మాత్రం చొక్కా దించి నోటితోనే చెప్పేవాడు. ప్రతి కథా ఒకే చోటికి చేరేది: "ఇప్పుడు మూటలు మోస్తాండాడు." పక్కింటావిడ కూడా మూటలే మోస్తోంది. ఇన్ని మూటలు మోయించే పని ఆ ఊళ్లో ఏముందని నాకు అనుమానం వచ్చింది గానీ, వింటున్నంతసేపు ధైర్యంగా ఉండేది. ఆయన పక్కకు తిరగ్గానే పోయేది.

ఆయనకు తెలిసినవాటిలో సగం తప్పులు. అపెండిక్స్‌ను మావైపు ఇరవైనాలుగు గంటల నొప్పి అంటారు. "ఆ పేరు పెట్టినోన్ని తన్నల్ల. ఇరవైమూడు గంటలు ఊరికే కూసోవచ్చనుకుంటారు జనం" అన్నప్పుడు డాక్టరు కూడా మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు చల్లారకముందే, పప్పు తింటే కుట్లకు చీము పడుతుందని వార్డంతా చాటింపు వేశాడు. పప్పే తినాలి, అప్పుడే గాయం మానుతుందని నర్సమ్మ చెబితే, "చదువుకున్నోళ్లు, చెప్తారు" అని వదిలేశాడు.

నా రోజు వచ్చింది. ఆసుపత్రి గౌను వెనకనుంచి కట్టుకోవాలని తెలియక ముందునుంచి కట్టుకున్నాను. ఆయన విప్పి, తిప్పి, కట్టాడు. స్ట్రెచర్ పక్కన నడుస్తూ, "భయమైతాందా సారూ?" అన్నాడు.

"లేదన్నా."

"మరి నా చెయ్యి ఇడువు."

చూసుకుంటే ఆయన మణికట్టు నా పిడికిట్లో తెల్లబడి ఉంది. విడవలేదు. "ఏదన్నా పద్యం చెప్పుకో. తెలుగు సారువు గదా" అన్నాడు. చెప్పుకున్నాను. వందసార్లు పిల్లలతో వల్లె వేయించిన పద్యంలో మొదటి పాదం తర్వాత ఏమీ లేదు. ఖాళీ. థియేటర్ తలుపు మూసుకునేదాకా ఆ మొదటి పాదమే తిప్పి తిప్పి చదివాను. ఏకపాదం మీద తపస్సు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

నడుముకు ఇచ్చిన మత్తు దిగుతుండగా నన్ను వార్డుకు తెచ్చారు. కాళ్లు ఇంకెవరివో నా మంచంలో పెట్టినట్టు ఉన్నాయి. అసలు కష్టం అప్పుడు మొదలైంది. నడుము మత్తు ఇచ్చాక కొందరికి ఒంటేలు రాదట. పొద్దుగూకేలోగా రాకపోతే ట్యూబు వేస్తామని చెప్పింది నర్సమ్మ. ఆ నర్సమ్మ ఎవరనుకున్నారు, నా దగ్గర చదువుకున్న పిల్ల. "సార్, ఇంకా రాలేదా సార్?" అని రెండో వరసలో కూర్చుని ప్రశ్న అడిగినంత వినయంగా అడుగుతుంటే, నేను సమాధానం రాని విద్యార్థిలా తల వంచుకున్నాను.

ఆయన రంగంలోకి దిగాడు. మంచం చుట్టూ తెర లాగాడు. వార్డు చివరున్న కొళాయి తిప్పాడు. "నీళ్ల శబ్దం ఇంటా ఉండు సారూ, దానంతటదే వస్తాది." రాలేదు. ఈల వేశాడు. రాలేదు. పక్క మంచం బామ్మర్దితో, ఎదురు మంచం ముసలాయనతో కూడా ఈల వేయించాడు. తెరలోపల నేను డబ్బా పట్టుకుని, బయట మనుషులంతా నా కోసం ఈలలు వేస్తుంటే, ఇంత ఆదరణ నాకు కాలేజీ వార్షికోత్సవంలో కూడా దొరకలేదని గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వుతో కుట్లు చురుక్కుమన్నాయి. ఆ చురుకుతో పని జరిగింది.

ఆయన తెర బయటే చెవి పెట్టి ఉన్నాడు.

"మా సారు ఒంటేలు పోసినాడప్పోయ్!"

వార్డు చప్పట్లు కొట్టింది. వరండాలో కూర్చున్న వేరే ఊళ్లవాళ్లు "ఏ సారు?" అంటే "తెలుగు సారు" అని విడమరిచి చెప్పాడు. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. నా శిష్యురాలు డబ్బాలో కొలత చూసుకుని, "వెరీ గుడ్ సార్" అంది.

ఆ క్షణం నుంచి ఆయన నన్ను నవ్వించడమే పనిగా పెట్టుకున్నాడు. పచ్చి కుట్ల మీద నవ్వంటే కత్తి రెండోసారి దిగడమే. వద్దన్నా, దండం పెడతానన్నా అనేవాణ్ణి. మొహం గంభీరంగా పెట్టి, "సరే, చెప్పనులే" అనేవాడు. ఆ గంభీరానికే మళ్లీ నవ్వు. అప్పుడు తన తువ్వాలును నాలుగు మడతలు వేసి నా చేతిలో పెట్టేవాడు. "నవ్వొచ్చినా దగ్గొచ్చినా దీన్ని కుట్ల మీద అదుముకో. అట్లైతే నొప్పి ఉండదు." రోగమూ ఆయనే, మందూ ఆయనే. మా ఆవిడ టమోటా పప్పు తెస్తే, "చీము పడ్తాదమ్మా సారుకు" అని క్యారియర్ లాక్కుని, గిన్నె అడుగు కనిపించేదాకా తానే తిని, "బాగుండాదమ్మా, రేపు ఉప్పు రవ్వంత తగ్గించు" అన్నాడు.

"అన్నా, నీ మీద పగ తీర్చుకోకపోతే చూడు" అన్నాను, తువ్వాలు అదుముకుని.

"తీర్సుకుందువులే. ముందు మానుకో."

ఇంటికి పంపేరోజు పొద్దున, మంచం పక్కన నా సంచి సర్దుతూ ఆయన దగ్గాడు. గట్టి దగ్గేమీ కాదు. కానీ ఆ దగ్గుతో పాటు ఆయన ఎడమచెయ్యి చటుక్కున పంచె కుచ్చెళ్లలోకి పోయింది. గజ్జ మీద అదుముకుని, దగ్గు అయ్యాక మెల్లగా బయటికొచ్చింది.

ప్రపంచంలో ఇంకెవరు చూసినా పంచె సర్దుకున్నాడనుకుంటారు. నేను ఆ విద్యలో ఆరితేరినవాణ్ణి. అప్పుడు ఇంకోటి కూడా తట్టింది. ఊరందరి ఆపరేషన్లూ గీసి చూపించిన ఆ పొట్ట మీద ఒక్క గాటు లేదు. ఇన్నాళ్లూ ఆయన గోరునే చూశాను గానీ పొట్టను చూడలేదు.

"ఎన్నాళ్ల నుంచన్నా?"

"ఏంది?"

"ఎడమ పక్కది."

ఆయన సంచి జిప్పు లాగాడు. అది సగంలో ఇరుక్కుంది. దాన్నే చూస్తూ, "నీకన్నా సీనియర్ని" అన్నాడు.

"మరి ఇందరిని తీసుకొచ్చి కోయించినావే! నువ్వెందుకు చేయించుకోలేదు?"

"అందరికీ నేను తోడొస్తిని. నాకెవురొస్తారు సారూ? నాయాలు మా వోళ్లు సూది జూస్తే పడిపోతారు. మంచం మీద మనిషి ఎట్ల సూస్తాడో నాకు తెలుసు. తోడొచ్చినోని కండ్లల్లోకే సూస్తాడు. ఆ కండ్లల్లో భయం కనపడిందంటే అయిపాయె."

"నేనొస్తాను."

ఆయన తలెత్తి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "నువ్వా? నిన్ను పట్టుకోనీకే ఇద్దరు గావల్ల."

ఆ తర్వాత నేను ఆరోగ్యవంతుణ్ణయ్యాను. దోమతెర లోపల పేగు, దాని బయట నేను, ఎవరి చోట వాళ్లం హాయిగా ఉన్నాం. మనసు మాత్రం మైదుకూరులో ఇరుక్కుంది. ఆయన కర్నూలుకు ఎవరినో ఒకరిని తీసుకొచ్చినప్పుడల్లా వార్డుకు పోయి అదే అడిగేవాణ్ణి. పసుపు తవ్వకాలు అయిపోనీ అనేవాడు. శూన్యమాసం అనేవాడు. మనవరాలి పెండ్లి, ఎరువుల లోడు, వాన వస్తే వాన, రాకపోతే రాలేదన్న దిగులు. పేగు ఇరుక్కుంటే ఏమవుతుందో డాక్టరు నాకు చెప్పిన మాటలే ఆయనకు ఒప్పజెప్పేవాణ్ణి. ఆయనే ఆ మాటలు వందమందికి చెప్పి ఉంటాడు. "తెలుసులేప్పా, పాఠం అప్పజెప్పొద్దు" అని చొక్కా ఎత్తి ఇంకొకరికి గీత గీయడానికి పోయేవాడు. ఆయన నంబరు నుంచి వేళ కాని వేళ ఫోన్ మోగితే, ఏమీ లేని నా జేబులోకి నా చెయ్యి దానంతటదే పోయేది.

ఆ ఫోన్ రానే వచ్చింది. మాట్లాడింది మాత్రం ఆయన కాదు. మొలల ఆపరేషన్‌కు ఆయన తీసుకొచ్చిన మైదుకూరు మనిషి.

"సారూ, మీ నంబరు పెద్దన్న ఫోన్లో ఉండాది. తోడొచ్చినాయప్పే పడిపోయినాడు సారూ. బిర్రీన రాండి."

మెట్లు నాకు ఎక్కిన గుర్తు లేదు. ఆయన మంచం మీద మోకాళ్లు ముడుచుకుని ఉన్నాడు. తెల్లచొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. పెదాలు ఎండిపోయాయి.

"పోలేదప్పా" అన్నాడు నన్ను చూడగానే. "శానా నొక్కినా. పోలేదు."

"ఎప్పటినుంచి?"

మొలల మనిషి, కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడినవాడు, ఏడుస్తూ చెప్పాడు. "పొద్దున నీళ్ల క్యాను మోసుకుని మెట్లెక్కేటప్పుడు పట్టుకునిండాది సారూ. నా ఆపరేషన్ అయ్యేదాకా ఎవురికీ చెప్పలేదు. నన్ను లోపలికి తోల్తా గూడా నవ్విచ్చినాడు."

డాక్టరు పొట్ట నొక్కి చూసి నన్ను పక్కకు పిలిచాడు. ఇన్ని గంటలు ఇరుక్కుంటే పేగు నల్లబడి ఉండొచ్చు. తెరిస్తే గానీ తెలియదు. ఇంటివాళ్లు ఎవరైనా ఉన్నారా? భార్య, కొడుకు బస్సులో ఉన్నారు, ఆళ్లగడ్డ కూడా దాటలేదన్నాను. ఆగడానికి లేదు. మీరేమవుతారు అని అడిగారు. తోడు అన్నాను. అట్లాంటి సంబంధం రాయడానికి కుదరదట. నా శిష్యురాలే తమ్ముడు అని రాసి నా చేత సంతకం పెట్టించింది.

స్ట్రెచర్ కదిలింది. ఇప్పుడు నా మణికట్టు ఆయన పిడికిట్లో ఉంది. ఆయన నా కళ్లలోకే చూస్తున్నాడు. తోడొచ్చినవాడి కళ్లలో ఏం వెతుకుతారో ఆయన నాకు ముందే చెప్పి ఉన్నాడు, అదే నా కష్టం. రెప్ప వేయకుండా నిలబెట్టి ఉంచాను.

"పద్యం చెప్పుకో అన్నా."

"నాకు యాడ వస్తాయి పద్యాలు."

"వచ్చిందే చెప్పుకో."

థియేటర్ తలుపు మూసుకుంటుంటే వినిపించింది, సన్నగా, మంత్రంలా: "యూరియా... డీఏపీ... పొటాష్... సూపరు..."

బెంచీ మీద కూర్చున్నాను. చాలాసేపటికి ఆయన భార్య వచ్చి పక్కన కూర్చుంది. కొడుకు గోడకేసి తిరిగి నిలబడ్డాడు. మొలల మనిషిని పడుకోమంటే పడుకోడు. నాకు రావలసిన పద్యం రెండో పాదం అప్పుడు గుర్తొచ్చింది. మూడోదీ, నాలుగోదీ కూడా వచ్చాయి. ఎవరికి కావాలి ఇప్పుడు?

డాక్టరు బయటికొచ్చి, మాస్కు కిందికి లాగి చెప్పాడు. ఒక ముక్క నల్లబడింది. తీసేసి రెండు కొసలు అతికించాం. లేటుగా వచ్చాడు. అతుకు పట్టుకుంటే పేగు మళ్లీ కదలాలి. కదిలినట్టు గుర్తు, గాలి పోవడం. అంతదాకా నోట్లో నీళ్ల చుక్క కూడా పోయకండి. అతుకు జారితే... అని డాక్టరు కూడా ఆగాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, నన్ను మొదటిరోజు చూసి "ఎడమైతే" అని ఈయన ఆగింది.

ముక్కులో గొట్టం, చేతికి సెలైను, పొట్ట డోలులా బిగిసి. కళ్లు తెరిచి ఆయన అడిగిన మొదటి మాట: "యాడ కోసినారు?"

నేను చొక్కా ఎత్తి, బొటనవేలి గోరుతో నా పొట్ట మీద గీశాను. నడిమధ్య నిలువునా. "ఈడ."

"చిన్నాయన మాదిరి" అన్నాడు.

"చిన్నాయన ఇప్పుడు మూటలు మోస్తాండాడు గదన్నా."

ఆయన కళ్లు మూసుకున్నాడు. "ఒక మూటే" అన్నాడు. "మిగిలినవి నేను జేరిస్తి."

తర్వాత ఎదురుచూపులు. పొద్దున రౌండ్సులో డాక్టరు పొట్ట మీద స్టెతస్కోపు పెట్టేవాడు. మేమంతా ఊపిరి బిగబట్టేవాళ్లం. డాక్టరు తల అడ్డంగా ఊపేవాడు. సాయంత్రం మళ్లీ పెట్టేవాడు, మళ్లీ ఊపేవాడు. ఒకరోజు జ్వరం తగిలింది. నర్సమ్మ మొహంలో నవ్వు పోయింది, "చూద్దాం సార్" అని మాత్రమే అంది. నేను కాలేజీకి సెలవు పెట్టాను. ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే, నీళ్ల చుక్క లేని ఆ నోరు గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు. మా ఆవిడ రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసి ఒకటే అడిగేది: "పోయిందా?" జీవితమంతా భాషలో గౌరవప్రదమైన మాటల కోసం వెతికినవాణ్ణి. దేవుణ్ణి అంత దీనంగా, అంత అగౌరవమైన కోరిక ఇంకెప్పుడూ కోరలేదు.

కబురు ఎట్లా పోయిందో, మైదుకూరు నుంచి జనం రావడం మొదలుపెట్టారు. కర్నూలైతే ఎవరికీ తెలియదని ఆయన అనుకున్నాడు. బామ్మర్ది వచ్చాడు. పక్కింటావిడ వచ్చింది. కర్ర పట్టుకుని చిన్నాయన వచ్చాడు. అందరినీ పైకి వదలరు కాబట్టి కింద కానుగ చెట్టు నీడలో కూర్చునేవాళ్లు, ఒక్కొక్కరి ఒంటి మీద ఒక్కో గాటుతో. ఆయన పొట్ట మీద నేను చూసిన పటమంతా అక్కడ ప్రాణంతో కూర్చుని ఉంది. నేను వరండా కమ్మీ దగ్గరికి రాగానే అన్ని తలలూ ఒకేసారి పైకి లేచేవి. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. అన్నీ దిగిపోయేవి.

"వాళ్లను ఇండ్లకు పొమ్మను" అనేవాడు ఆయన నీరసంగా. "సిగ్గుగా ఉండాది సారూ. దీనికోసరం ఊరంతా కాసుకోని కూసునేది ఏంది?"

ఆ రోజు పొద్దున జ్వరం లేదు. డాక్టరు స్టెతస్కోపు కొంచెం ఎక్కువసేపు ఉంచి పోయాడు. నేను మంచం పక్కన కూర్చుని పేపరులో పసుపు ధరలు చదివి వినిపిస్తున్నాను. ఆయన కళ్లు మూసుకుని వింటున్నాడు. క్వింటాలు దగ్గర ఉన్నప్పుడు, దుప్పటి కింద నుంచి, చిన్నగా, మొహమాటంగా, కొత్త అల్లుడు తలుపు తట్టినట్టు ఒక శబ్దం వచ్చింది.

నేను చదవడం ఆపాను. ఆయన కళ్లు తెరిచాడు.

రెండోది వచ్చింది. ఈసారి మొహమాటం లేదు.

మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నావి అప్పటికే కారుతున్నాయి. నేను పేపరు మడిచి లేచాను. నా ఆలోచన ఆయనకు అప్పుడు అర్థమైంది. సెలైను చెయ్యి ఎత్తి, "సారూ... వద్దప్పా... సారూ, నీకు దండం పెడ్తా..." అన్నాడు.

వరండాలోకి పోయాను. కానుగ చెట్టు కింద అన్ని తలలూ లేచాయి. ఇరవై ఏళ్లుగా వెనక బెంచీ దాకా వినిపించేలా పాఠం చెప్పిన గొంతునంతా కూడగట్టుకున్నాను.

"మైదుకూరోళ్లూ! మీ పెద్దన్న గాలి ఇడ్సినాడప్పోయ్!"

కింద ఈలలు. చిన్నాయన కర్ర పైకెత్తాడు. పక్కింటావిడ రెండు చేతులూ జోడించి ఆకాశం వైపు చూసింది. వేరే ఊళ్లవాళ్లు "ఎవురు?" అని అడగడం, మావాళ్లు ఊరు, వీధి, ఎరువుల అంగడితో సహా వివరం చెప్పడం పైదాకా వినిపించింది. ఒక్కో మాటా వార్డు కిటికీలోంచి ఆయన చెవిన పడుతూనే ఉంది.

వెనక్కి వచ్చి చూస్తే ఆయన నవ్వుతున్నాడు. ఆపుకోలేకపోతున్నాడు. నవ్విన ప్రతిసారీ కుట్లు పీకి, "అబ్బా... ఇడిసిపెట్టు సారూ... అబ్బా..." అని మూలుగుతున్నాడు. మంచం కమ్మీ మీదున్న ఆయన తువ్వాలు తీసి, నాలుగు మడతలు వేసి చేతిలో పెట్టాను. పొట్ట మీద అదుముకున్నాడు.

అప్పుడు మొహం గంభీరంగా పెట్టి, "సరేలే అన్నా, ఇంక ఎవరికీ చెప్పను" అన్నాను.